శాలువాతో ఆగిపోకుండా ఏం చేద్దాం? స్టాఫ్ డే, టీచర్ల ట్రైనింగ్, ఎదుగుదల (రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్ వాళ్లు చెప్పండి)

నాగావళి గట్టు (రాయగడ), డిసెంబర్ 6

అందరికీ నమస్కారం. మాది ఐదు బడులున్న సంస్థ. రాయగడలో రెండు, గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడిల్లో ఒక్కొక్కటి. పదకొండేళ్లు సైన్స్ చెప్పాను. మొన్న జూన్‌లో రజో పండగ వెళ్లాక ఐదు బడులకీ కలిపి నన్ను అకడమిక్ కోఆర్డినేటర్‌గా వేశారు.

సరస్వతీ పూజ వెళ్లిన వారానికి మాకు ఏటా స్టాఫ్ డే జరుగుతుంది. అన్ని ఊళ్ల నుంచీ బస్సుల్లో రాయగడ వస్తారు. ముందు మజ్జిగౌరి అమ్మవారి గుడి, తర్వాత మీటింగు, భోజనాలు, ఆటపాటలు, చివర్లో శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫోటో. ఆ రోజంటే నాకు చాలా ఇష్టం. ఏడాదంతా ఫోన్లో గొంతు మాత్రమే విన్న పర్లాకిమిడి టీచరు పక్కన కూర్చుని అన్నం తినే రోజు అది.

పోయినసారి భోజనాల దగ్గర మా ఒకటో తరగతి టీచరు ఒకావిడ నాతో ఇలా అంది: "బీరువాలో ఆరు శాలువాలున్నాయి మేడం. నా క్లాసులో ఏది బాగుందో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈసారి ఏర్పాట్లు నా చేతికి వచ్చాయి కాబట్టి అడుగుతున్నాను. మీ బడుల్లో ఎవరిని, దేనికి, ఎలా మెచ్చుకుంటారు? వేసవిలో ఎవరో వచ్చి రెండు రోజులు స్లైడ్లు చూపించి వెళ్లే ట్రైనింగ్ మాకూ ఉంది. అది క్లాసు దాకా రావాలంటే ఏం చేయాలి? ఇంకోటి, మంచి టీచరు మా దగ్గర పదేళ్లు పనిచేస్తే ఆవిడకి మేం చూపించే దారి ఏమిటి?

వంశధార లెక్కలు (గుణుపురం), డిసెంబర్ 6

మేడం, మీ టీచరుగారు అన్నది మా స్టాఫ్ రూములో అందరి మాట.

మా బడిలో మూడేళ్ల కింద కొత్త హెడ్మాస్టరు వచ్చారు. గురు దివస్ నాడు అందరికీ ఒకే సైజు పెన్ను సెట్టు ఇచ్చి ఊరుకోలేదు. ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు రాసుకొచ్చి చదివారు. నా గురించి చదివింది ఇది: "ఏడో తరగతిలో భిన్నాలు రాని పిల్లల్ని వెనక బెంచీకి వదిలేయకుండా, కొబ్బరిచెక్కలు తెచ్చి పగలగొట్టి సగం, పావు, అరపావు చేతికిచ్చి చూపించారు. ఆ తర్వాత పరీక్షలో ఆ పిల్లలే భిన్నాల లెక్క ముందు చేశారు." ఆయన ఆ క్లాసు గుమ్మం దగ్గర నిలబడి చూశారని నాకు అప్పటిదాకా తెలియదు. పెన్ను ఎప్పుడో పోయింది. ఆ కాగితం మాత్రం మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. మా ఆవిడ పెట్టింది.

అందరి ముందూ చదివేది నిజంగా చూసినదై ఉండాలి. "అంకితభావంతో పనిచేస్తారు" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది.

బరంపురం బస్టాండు (బరంపురం), డిసెంబర్ 7

టీచర్ల గురించే మాట్లాడుతున్నారు, మంచిదే. బస్సు డ్రైవర్లు, ఆయాలు, వాచ్‌మన్, వంట చేసేవాళ్లు, ఆఫీసు క్లర్కు కూడా స్టాఫే కదా. మా నాన్నగారు స్కూలు బస్సు నడిపేవారు. ఒక వానాకాలం కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు పారుతుంటే, వెనక బళ్ల వాళ్లు హారన్లు కొడుతున్నా ఆయన దాటలేదు. బస్సు తిప్పి పిల్లల్ని మళ్లీ బడికి చేర్చి, రాత్రి పదింటిదాకా వాళ్లతోనే ఉన్నారు. ఆ విషయం ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన రిటైరైన రోజు ఒక పిల్లాడి తండ్రి ఇంటికొచ్చి చెప్తే మాకు తెలిసింది.

మీ జాబితాలో వాళ్లను వేరే లైనులో, చివర్లో నిలబెట్టకండి.

కొండదిగువ గురుమా (బిస్సంకటక్ దగ్గర), డిసెంబర్ 7

ట్రైనింగ్ గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను చిన్న పిల్లల క్లాసు టీచర్ని. మాది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో నేను తెలుగు, బయట ఒడియా. నా క్లాసులో సగానికి పైగా పిల్లలు ఇంట్లో కువి (ఇక్కడి కోంధు గిరిజనుల భాష) మాట్లాడతారు. చేరిన ఏడాది మాకు ఇంగ్లీషు అక్షరాల శబ్దాల మీద మూడు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు. బాగా చెప్పారు, కాదనను. కానీ చెప్పినాయన చూపించిన బొమ్మల్లో ఇగ్లూ (మంచు ఇల్లు) ఉంది, యాట్ (షికారు పడవ) ఉంది. సోమవారం క్లాసుకెళ్లి ఇగ్లూ బొమ్మ పెడితే పిల్లలు నన్ను చూస్తున్నారు, నేను పిల్లల్ని చూస్తున్నాను.

నాకు అసలు పాఠం నేర్పింది మా ఆయా. ఆవిడది పక్క కొండ ఊరు. నేను "సిట్ డౌన్" అంటే కూర్చోని పిల్లాడు, ఆవిడ వాడి భాషలో చిన్నగా ఒక మాట అంటే నవ్వుతూ వచ్చి కూర్చునేవాడు. ఒక రోజు సిగ్గు విడిచి అడిగాను, "అమ్మా, ఆ మాటలు నాకూ చెప్పు" అని. రోజుకి మూడు మాటల చొప్పున నేర్పింది. నీళ్లు, ఆకలి, నొప్పి, భయం లేదు, ఇలా రా, మళ్లీ చెప్పు. నోట్‌బుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. దసరా సెలవులకి ముందు ఏడుపు ఆగని నలుగురు పిల్లలు దీపావళికల్లా నా కొంగు పట్టుకుని తిరిగారు.

ఒడిశా ప్రభుత్వ బడుల్లో 2006 నుంచీ బహుభాషా విద్య నడుస్తోంది. సవర, కువి, కుయి, కోయ లాంటి భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలున్నాయి. ప్రైవేటు బడుల్లో మనకి ఆ ఆలోచనే రాదు. మన టీచర్లలో చాలామంది తెలుగో ఒడియానో మాట్లాడేవాళ్లు, పిల్లలేమో వేరే భాషవాళ్లు. ఇక్కడ ట్రైనింగ్ అంటే మొదట అదే కావాలి. నేర్పేవాళ్లు కూడా మన బడిలోనే ఉన్నారు, చీపురు పట్టుకుని.

నాగావళి గట్టు (రాయగడ), డిసెంబర్ 7

గురుమా గారూ, మీది రెండుసార్లు చదివాను. మా రాయగడ బ్రాంచిలో ఇద్దరు ఆయాలకి కువి వచ్చు. ఇన్నాళ్లూ నేను వాళ్లను ఒక్క మీటింగులోనూ కూర్చోబెట్టలేదు.

పాతబడి మేష్టారు (పర్లాకిమిడి), డిసెంబర్ 8

అమ్మా, ఆ గురుమా గారు చేసిన పని మా ఊళ్లో నూట ముప్పై ఏళ్ల కిందటే ఒక మేష్టారు చేశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో పుట్టారు. 1880లో మా పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల్లో ఉన్న సవరలు ఊళ్లోకి వస్తుంటే వాళ్ల భాష నేర్చుకోవాలనిపించి, భాష తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు, బడులు నడిపారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన ఫోటోకి దండ వేస్తాం. టీచరు మొదట విద్యార్థి కావాలని ఆయన చేసి చూపించారు. ఆ సంగతి కూడా ఆ రోజు పిల్లలకి చెప్తే బాగుంటుంది.

ట్రైనింగ్ విషయంలో నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో తెలుసుకున్నది చెప్తాను. రెండు రోజుల శిబిరం తప్పు కాదు. ఆ తర్వాత ఎవరూ క్లాసుకి రాకపోవడం తప్పు. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒక పద్ధతి పెట్టాను. వారానికి ఒక పీరియడు ఒక టీచరు ఇంకో టీచరు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలి. రిజిస్టరు ఉండదు, మార్కులు ఉండవు. సాయంత్రం టీ తాగుతూ "నీ పాఠంలో నేను ఎత్తుకెళ్లేది ఇది" అని ఒకటి, "ఇక్కడ పిల్లాడు తప్పిపోయాడు" అని ఒకటి చెప్పాలి. అంతే. మొదటి రెండు నెలలూ అందరూ బిగుసుకుపోయారు. హెడ్మాస్టరు నిఘా పెట్టాడనుకున్నారు. అందుకని ముందు నా క్లాసుకే రమ్మన్నాను. నేను చెప్పిన సోషల్ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆవులించారో ఒక కుర్ర టీచరు చెప్పాడు. ఆ రోజు నుంచి మిగతావాళ్లకి భయం పోయింది.

చూసేవాడు తప్పులు వెతకడానికి వచ్చాడనిపిస్తే టీచరు ఆ రోజు నాటకమే ఆడుతుంది. ఆ నాటకానికి ట్రైనింగ్ ఇచ్చి లాభం లేదు.

జయపురం సందు (జయపురం), డిసెంబర్ 8

మేష్టారు చెప్పింది ఇప్పటి నిబంధనలకి కూడా సరిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకీ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. సీబీఎస్‌ఈ బడుల్లో దాన్ని రెండు సగాలుగా చూస్తున్నారు. 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, 25 గంటలు బడిలోనే లేదా చుట్టుపక్కల బడులు కలిసి. ఆ రెండో సగం మన చేతిలోనే ఉంది. బయటి వక్తని పిలిచి, భోజనం పెట్టించి, ఫోటో తీసి దాన్ని నింపేయకండి. ఒకరి క్లాసు ఒకరు చూసుకోవడం, గురుమా గారి ఆయా చేత మాటలు నేర్పించుకోవడం, లెక్కల మేష్టారు కొబ్బరిచెక్కలతో చెప్పడం, ఇవన్నీ అందులోకి రావాలి.

ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉన్నాయి. టీచర్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిష్ఠ శిక్షణ 2019లో మొదలై, కరోనా వచ్చాక దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లోకి వెళ్లింది. అందులో మంచి మాడ్యూళ్లున్నాయి. కానీ రాత్రి పదకొండింటికి వంట గిన్నెలు తోముకుంటూ ఫోన్లో వీడియో నడిపించి సర్టిఫికెట్ తీసుకున్న టీచర్లని నేను చాలామందిని చూశాను. వాళ్ల తప్పు కాదు. బడి వేళల్లో గంట కేటాయించి, నలుగురు కలిసి చూసి మాట్లాడుకుంటే అదే మాడ్యూలు ఉపయోగపడుతుంది.

తొలి ఏడాది (కాశీనగర్ వైపు), డిసెంబర్ 9

చదువుతుంటే కన్నీళ్లొచ్చాయి. నాకు ఇరవై నాలుగు. బీఈడీ అవ్వగానే ఒక బడిలో చేరాను. పేరు చెప్పను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకున్నారు. స్టాఫ్ డే నాడు నాకు "ఉత్తమ నూతన ఉపాధ్యాయిని" అని షీల్డు ఇచ్చారు. అప్పటికి రెండు నెలలుగా జీతం సగమే వస్తోంది. అమ్మకి ఆపరేషన్ అయితే వారం సెలవు అడిగినందుకు ఆ నెల మొత్తం కోశారు. మానేస్తానంటే సర్టిఫికెట్ల కోసం నాలుగు నెలలు తిప్పారు. ఆ టెన్షన్‌లో పది కేజీలు తగ్గాను. ఆ షీల్డు ఇప్పటికీ అటక మీద ఉంది. చూడాలంటే మనసొప్పదు.

ఇప్పుడున్న బడి చిన్నది. షీల్డులు లేవు. ఒకటో తారీఖు జీతం పడుతుంది. మా ప్రిన్సిపల్ మేడం నా మొదటి వారం మొత్తం నా పక్కనే కూర్చున్నారు.

పాతబడి మేష్టారు (పర్లాకిమిడి), డిసెంబర్ 9

తల్లీ, ఆ సర్టిఫికెట్లు నీవి. పరిశీలించి, నకళ్లు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. ఇక ముందు ఎవరడిగినా ఒరిజినల్స్ చేతికివ్వకు.

చిట్టా పద్దు (రాయగడ), డిసెంబర్ 10

నేను రెండు మూడు బడులకి లెక్కలు చూస్తాను. సన్మానం సంగతి మీరంతా చెప్పారు. కాగితం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే టీచర్లలో చాలామందికి తెలియదు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు, టీచర్లకి కూడా వస్తుంది. 2004లో సుప్రీంకోర్టు గ్రాట్యుటీ చట్టంలోని 'ఉద్యోగి' అన్న మాటలోకి టీచర్లు రారని చెప్పింది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేసింది. ప్రైవేటు బడుల వాళ్లు సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. లెక్క తేలికే. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,000 జీతం మీద పన్నెండేళ్లు చేసిన టీచరుకి 90,000 వస్తుంది. ఆ డబ్బుతో ఒక ఆడపిల్ల ఇంటర్ చదువు గట్టెక్కుతుంది.

ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న బడికి పీఎఫ్ కూడా ఉంటుంది. నాగావళి మేడం, స్టాఫ్ డే నాడు ప్రతి ఒక్కరి చేతిలో పీఎఫ్ పాస్‌బుక్కు ప్రింటు, ఇప్పటిదాకా ఎన్నేళ్ల సర్వీసు అయిందో రాసిన కాగితం పెట్టండి. నేనొచ్చి ఉచితంగా చేసి పెడతాను.

పెద్దవాగు (బల్లార్‌పూర్, మహారాష్ట్ర), డిసెంబర్ 10

మేం మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లం, మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా బడిలో స్టాఫ్ డే జనవరి 3న, సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు నాడు చేస్తాం. ఆవిడ 1848లో పుణేలో ఆడపిల్లల బడిలో పాఠాలు మొదలుపెట్టారు. దానికి ముందు ఆవిడ కూడా టీచరు శిక్షణ తీసుకున్నారు. అందుకని ఆ రోజు మాలో ఆ ఏడాది ఏదైనా పరీక్ష రాసినవాళ్లని, పాసైనా కాకపోయినా, ముందు వరసలో కూర్చోబెడతాం.

జయపురం సందు (జయపురం), డిసెంబర్ 11

పరీక్ష అన్నారు కాబట్టి టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) గురించి రాస్తున్నాను. ఇది చాలామంది నిద్ర చెడగొడుతోంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 1 నుంచి 8 తరగతులు చెప్పే, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లు కూడా, రిటైర్మెంటుకి ఐదేళ్లకి మించి ఉంటే రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం టెట్ లేకుండా రాదు.

మన సరిహద్దు తెలుగువాళ్లకి ఒక మంచి సంగతి. సీటెట్‌లో (కేంద్ర స్థాయి టెట్) తీసుకోగల 20 భాషల్లో తెలుగు ఉంది, ఒడియా కూడా ఉంది. ప్రశ్నలు 150, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ వాళ్లకి 60 శాతం, అంటే 90 మార్కులు రావాలి. ఒకసారి పాసైతే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

సంస్థగా మీరు చేయగలిగింది ఉంది. నలభై ఏళ్లు దాటి, ఇరవై ఏళ్ల కింద పరీక్షలు రాసి మర్చిపోయిన టీచరుని ఒంటరిగా వదలకండి. ఫీజు కట్టండి. శనివారం మధ్యాహ్నాలు చదువుకోనివ్వండి. టెట్‌లో వచ్చే శిశు వికాసం భాగం కొత్తగా బీఈడీ చేసిన కుర్రవాళ్లు చెప్పగలరు. పిల్లల్ని పట్టుకోవడం ఎలాగో ఈ పెద్దవాళ్లు కుర్రవాళ్లకి చెప్పగలరు.

వంశధార లెక్కలు (గుణుపురం), డిసెంబర్ 11

మేడం అడిగిన మూడో ప్రశ్న మిగిలింది. మా దగ్గర ఎదుగుదల అంటే క్లాసు వదిలేసి ఆఫీసు గదిలో కూర్చోవడమే. ప్రైమరీ టీచరు జీతం పెరగాలంటే హైస్కూలుకి మారాలి. హైస్కూల్లో పెరగాలంటే వైస్ ప్రిన్సిపల్ అవ్వాలి. అలా మా బడిలో ఒకటో తరగతికి దేవుడిచ్చిన టీచరుని తీసుకెళ్లి అడ్మిషన్ల పని అప్పజెప్పారు. ఆవిడ చేతిలో అక్షరాలు దిద్దాల్సిన పిల్లలు నష్టపోయారు.

విద్యా విధానంలోనే ఉంది, ఒక దశలో ఉండగానే ఎదిగే వీలుండాలని, చిన్న తరగతి టీచరు పెద్ద తరగతి టీచరు కంటే తక్కువ కాదని. సీనియర్ టీచరు, మెంటర్ టీచరు అని మెట్లు పెట్టండి. మెంటర్‌కి ముప్పై పీరియడ్ల బదులు ఇరవై ఇచ్చి, మిగతా సమయం కొత్తవాళ్ల క్లాసులో కూర్చోనివ్వండి. జీతంలో ఆ తేడా కనిపించాలి. పేరు మార్చి బాధ్యత పెంచి జీతం అలాగే ఉంచితే దాన్ని ఎదుగుదల అని ఎవరూ అనుకోరు.

నాగావళి గట్టు (రాయగడ), ఫిబ్రవరి 3

ఆలస్యానికి క్షమించండి. స్టాఫ్ డే అయింది. ఏం చేశామో, ఏం కుదరలేదో ఉన్నదున్నట్టు రాస్తాను.

జనవరి నెలంతా ఐదు బడులూ తిరిగాను. హెడ్స్‌తో కలిసి అందరి క్లాసులూ చూడాలనుకున్నాను. కాశీనగర్, గుణుపురం పూర్తయ్యాయి. పర్లాకిమిడిలో సగం మందివే చూడగలిగాను. చూడని వాళ్ల గురించి ఊహించి రాయలేదు. "మీ క్లాసు ఇంకా చూడలేదు, మార్చిలోపు వస్తాను" అనే రాసిచ్చాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. మార్చిలో తప్పకుండా వెళ్తాను.

బీరువాలో ఆరు శాలువాలున్న టీచరుగారి పేరు వచ్చినప్పుడు నా గొంతు వణికింది. ఆవిడ క్లాసులో నేను చూసింది చదివాను. బోర్డు మీద రాసేటప్పుడు ఆవిడ పిల్లలకి వీపు చూపించదు. పక్కకి తిరిగి, రాస్తూనే వెనక వరసలో కూర్చున్న నత్తి పిల్లాడి వైపు చూస్తూ ఉంటుంది. వాడు పెదాలు కదిపితే ఆగుతుంది. అందరూ వాడి కోసం ఆగుతారు. క్లాసులో ఒక్క పిల్లా నవ్వదు, అది ఆవిడ నేర్పింది. ఇంత చదివేసరికి ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది.

డ్రైవర్లనీ ఆయాలనీ అక్షర క్రమంలో టీచర్లతో కలిపే పిలిచాం. చిట్టా పద్దు గారు మాట నిలబెట్టుకున్నారు, అందరికీ సర్వీసు కాగితం అందింది. ముగ్గురి పీఎఫ్ వివరాల్లో పుట్టిన తేదీ తప్పుగా ఉందని ఆ రోజే బయటపడింది, సరిచేయిస్తున్నాం. మెంటర్ టీచరు పోస్టులు అడిగితే మేనేజ్‌మెంటు ఐదింటికి బదులు రెండు ఒప్పుకుంది, జూన్ నుంచి. జీతంలో తేడా ఉంటుంది. పీరియడ్లు తగ్గించడం మీద ఇంకా మాట్లాడుతున్నాం. టెట్ రాయాల్సినవాళ్లు పదకొండు మంది తేలారు. శనివారం చదువు మొదలైంది.

మధ్యాహ్నం గంటసేపు మా ఇద్దరు ఆయాలు అందరికీ కువి నేర్పారు. మొదట ఇద్దరూ కుర్చీ అంచున కూర్చుని తల ఎత్తలేదు. పదో మాటకల్లా ఒకావిడ లేచి నిలబడి, మా హైస్కూలు ఫిజిక్స్ సార్‌ని "అలా కాదు, మళ్లీ చెప్పండి" అని మూడుసార్లు అనిపించింది. నలభై మాటలయ్యాయి. వాటిని మూడు లిపుల్లో రాసి ప్రతి క్లాసు తలుపు వెనకా అంటిస్తున్నాం.

గుణుపురం, కాశీనగర్ బ్రాంచిలకి సవర మాటలు కావాలి. అక్కడ మాకు నేర్పగలిగినవాళ్లు ఇంకా దొరకలేదు. పర్లాకిమిడి మేష్టారూ, మీకు తెలిసినవాళ్లుంటే ఈ వేదికలోనే చెప్పండి. బస్సు పంపిస్తాను.

పాతబడి మేష్టారు (పర్లాకిమిడి), ఫిబ్రవరి 3

నా పాత విద్యార్థి ఒకడున్నాడమ్మా, సవరవాడే, ఇప్పుడు టీచరు. ఆదివారం వాడిని వెంటబెట్టుకుని నేనే వస్తాను. ఒక బల్ల, చాక్‌పీసు చాలు.